బుల్లితెఱ జంటల నటనమునకుఁ దీర్పరు లెవరు?

నటుఁడు తన పాత్రమును జక్కఁగ నభినయించెనా యనుట యొక ప్రశ్నము. నటుఁడును నటియుఁ గలసి యొక జంటగా నమ్మకము గొలిపిరా యనుట వేఱొక ప్రశ్నము. భారతదేశమున టెలివిజను నాటకములను జూచువారు ఈ రెండవ గుణమును ‘కెమిస్ట్రీ’ యని యాంగ్లపదముతో వ్యవహరించుచున్నారు. తెలుఁగున ‘పొందిక’ యనిన నర్థము చెడదు. 1984వ సంవత్సరము మొదలు సాగిన ధారావాహికల చరిత్రమును బరికించినచో, ఈ పొందికకుఁ దీర్పరులు మాఱుచు వచ్చిరనియు, తీర్పరితోఁ గూడ నటనమార్గమును మాఱెననియుఁ గానవచ్చును.

ప్రయోగపరీక్ష మనదేశమునఁ గ్రొత్తవిద్య కాదు. నాట్యశాస్త్రమున నిరువదియేడవ యధ్యాయము సిద్ధిని గూర్చినది. సిద్ధి మానుషి యనియు, దైవికి యనియు ద్వివిధము. చిఱునవ్వు, పెద్దనవ్వు, సాధువాదము, పులకలు, ఆసనమునుండి లేచుట, వస్త్రదానము మొదలగునవి మానుషసిద్ధికిఁ జిహ్నములు. సభ నిండియుండియు సద్దును సంక్షోభమును లేక యుండుట దైవికసిద్ధికిఁ జిహ్నము. వివాదము పుట్టినచోఁ దీర్పు చెప్పుటకై భరతుఁడు ప్రాశ్నికులను వేఱుగ నేర్పఱచెను. యజ్ఞవిషయమున యజ్ఞవేత్త, అభినయమున నర్తకుఁడు, ఛందస్సున ఛందోవేత్త, శృంగారోపచారమున వేశ్య తీర్పరులు. ప్రేక్షకుని యానందము వేఱు, ఎఱిఁగినవాని తీర్పు వేఱు అను వివేక మిందుఁ గలదు.

టెలివిజను నాటకములకుఁ దొలితీర్పరి యుత్తరము వ్రాయు ప్రేక్షకుఁడు. 1984 జూలై 7వ తేదిని దూరదర్శనమున మొదలైన ‘హమ్ లోగ్’ 1985 డిసెంబరువఱకు సాగెను. మనోహర్ శ్యామ్ జోషీగారు దీనిని రచించిరి. ప్రతిభాగము చివరను అశోక్ కుమార్‌గారు వచ్చి కథను గూర్చి ముచ్చటించెడివారు. ఈ నాటకమునకు నాలుగులక్షలకుఁ బైఁగా నుత్తరములు వచ్చెనని దీనిని బరిశోధించిన అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్సులు తెలిపిరి. ఇందు బసేసర్ రామ్‌గా వినోద్ నాగ్‌పాల్, భగవంతిగా జయశ్రీ అరోరా నటించిరి. త్రాగుబోతు మగఁడు, ఓర్చుకొను నిల్లాలు: ఈ జంటయందుఁ బ్రేమసల్లాపము లేదు. కాని పెక్కేండ్లు ఒక కప్పుక్రింద బ్రదికినవారి విసుగును, అలవాటును వారి నడవడియందుఁ గానవచ్చెను. పొందిక యనఁగా శృంగారమే కానక్కఱలేదని చూపిన తొలిజంటలలో నిది యొకటి.

జోషీగారే రచింపఁగా రమేశ్ సిప్పీగారు నిర్మించిన ‘బునియాద్’ 1986, 1987 సంవత్సరములలోఁ బ్రసారమయ్యెను. లాహోరు నగరపుఁ గుటుంబమొకటి దేశవిభజనముచేఁ జెదరిపోవుట యిందలి కథ. హవేలీరామ్‌గా అలోక్ నాథ్, లాజోజీగా అనితా కన్వర్ యౌవనమునుండి వార్ధకముదాఁక నభినయించిరి. 1956లో జన్మించిన అలోక్ నాథ్ అప్పటికి ముప్పదియేండ్లవాఁడు. తలకు నెఱపు పూయుట ఆహార్యము. అది యితరులు చేయవచ్చును. వృద్ధుని కూర్చుండుతీరు, పలుకులోని జాగు, మగనిమాట ముగియకముందే దాని భావము నెఱిఁగిన యిల్లాలి చూపు: ఇవి నటులే సాధింపవలసినవి. ఈ జంటకుఁ గలిగిన కీర్తి యట్లు న్యాయార్జితము.

పిదప భక్తుఁడు తీర్పరి యయ్యెను. 1987 జనవరి 25వ తేది మొదలు 1988 జూలై 31వ తేదివఱకు ఆదివారముల యుదయమున రామానంద సాగరుగారి ‘రామాయణ్’ 78 భాగములుగాఁ బ్రసారమయ్యెను. అరుణ్ గోవిల్ రాముఁడు, దీపికా చిఖలియా సీత. పెట్టెకుఁ బూలదండ వేసి ధూపమిచ్చిన గృహములు గలవు. సీతారాముల యన్యోన్యతను నటులు క్రొత్తగాఁ బుట్టింపఁ బనిలేదు. చూపఱి దానిని దన మనస్సుననే తెచ్చుకొని కూర్చుండెను. గోవిల్ యొక్క మితమైన కదలికయు, మందహాసమును ధీరోదాత్తునకుఁ దగియే యున్నవి. కాని భక్తుఁడు వానిని బరీక్షింపలేదు, నమస్కరించెను. అయినను జనము నటనమునకు గ్రుడ్డిది కాలేదు. 1991 లోకసభ యెన్నికలలో బరోడానుండి సీతాపాత్రధారిణియే కాక, సాబర్‌కాంఠానుండి రావణపాత్రధారి యగు అరవింద్ త్రివేదియు గెలిచిరి. గుజరాతీ రంగస్థలమునుండి వచ్చిన త్రివేది గంభీరవాచికము రావణద్వేషమును దాఁటి నిలిచెనని తలంపవచ్చును.

మూఁడవ తీర్పరి సంఖ్య. 1992లో జీ టీవీ వచ్చినపిదప ప్రసారశాలలు పెరిగెను. ఎన్ని యిండ్లలో నే నాటకము చూచుచున్నారను లెక్క ప్రధానమయ్యెను. 2000 జూలై 3వ తేదిని ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ మొదలై 2008 నవంబరుదాఁక 1,800కుఁ బైఁగా భాగములు నడచెను. ఇందు తులసి స్మృతీ ఇరానీ. ఆమె మగఁడు మిహిర్‌గాఁ దొలుత అమర్ ఉపాధ్యాయ్ నటించెను. మిహిర్ మరణించినట్లు చూపఁగాఁ జూపఱు లాగ్రహించిరి. పాత్రము మరలఁ బ్రదికెను. కాని పిమ్మట నటులు మాఱి, ఇందర్ కుమారును, అనంతరము రోణిత్ రాయ్‌యు మిహిర్‌గా వచ్చిరి. నాటకము సాగుచునే యుండెను. సంఖ్య పొందికకుఁ గొలబద్ద యైనచో జంటలో సగము మాఱినపుడు నాటకము నిలువవలసినది గదా! లెక్కకెక్కినది కథయు, అలవాటును, నటనము కాదు.

ఈ కాలమునఁ జిత్రణమార్గమును నటనమును దెబ్బతీసెను. ఒకరు మాటయాడిన వెంటనే చుట్టునున్న యందఱి ముఖములను దగ్గఱగ, ఒక్కొక్కప్పుడు మూఁడేసిమాఱులు, ఉఱుమువంటి వాద్యధ్వనితోఁ జూపుట పరిపాటి యయ్యెను. వినువాని మనస్సున భావము పుట్టి, పెరిగి, ముఖమున కెక్కుటకు వ్యవధి లేదు. ఇద్దఱును ఒకే చట్రమునఁ గానరానప్పుడు పొందిక కూర్పరి కత్తెరపనియే యగును.

2011 మొదలు 2014వఱకు సాగిన ‘బడే అచ్ఛే లగ్‌తే హైఁ’ యందు రామ్ కపూర్, సాక్షీ తన్వర్‌లు నడివయస్సున వివాహమాడి పిదపఁ బ్రేమించు దంపతులుగా నటించిరి. ‘కహానీ ఘర్ ఘర్ కీ’లో 2000 మొదలు 2008వఱకు పార్వతిగా నటించినదియు నీ సాక్షియే. అచ్చట నామె ఆదర్శగృహిణి; ఇచ్చట మగని మాటను విని, నవ్వి, తడఁబడి, బదులుచెప్పు మనిషి. నటి యొకతయే యైనను ఎదుటివాఁడును, వినుటకుఁ జిక్కిన వ్యవధియు మాఱఁగాఁ బొందికయు మాఱెను. ఇద్దఱి నేర్పులను గూడిన మొత్తము పొందిక కాదనుట కిది సాక్ష్యము.

తెలుఁగు ధారావాహికలయం దీ పరీక్ష మఱింత చిక్కైనది. కన్నడదేశమునుండి వచ్చిన నటీమణులు పలువురు తెలుఁగు నాయికలుగాఁ బ్రసిద్ధి కెక్కిరి. వారిలో ననేకులకు వేఱొకరు గాత్రదానము చేయుదురు. వాక్కు నాట్యమునకు శరీరమని భరతుని మతము. మొగ మొకరిది, గొంతు మఱొకరిది యైనప్పుడు జంట పొందికలో మూఁడవమనిషి పాలును గలదు. తెఱమీఁదఁ గానరాని యా గాత్రమునకు మెప్పులోఁ బాలీయని తీర్పు అసమగ్రము.

ఉత్తరములు, హారతులు, సంఖ్యలు: ఈ మూఁడును మానుషసిద్ధికిఁ జేరినవి. అవి తిరస్కరింపఁదగినవి కావు. కాని ప్రాశ్నికుని పీఠ మెక్కఁదగినవియుఁ గావు. పొందికను దీర్పఁగోరువాఁడు మాటాడు నటుని విడిచి వినుచున్న నటునిపై దృష్టి నిలుపవలెను. ఎదుటివాని మాట తాఁకినంతనే కన్ను చెమ్మగిల్లుట, మొగము వెలవెలఁబోవుట సాత్త్వికము. దానిని గత్తెర కల్పింపలేదు. వాద్యధ్వని యణఁగి యిద్దఱు నటులు ఒకే చట్రమున నిలిచిన నిమిషమున, చూచుచున్న యిల్లు సద్దుమణఁగెనా? అణఁగినచో భరతుఁడు దైవిక మన్న సిద్ధి యదియే.