మలగాసీ, షోనా భాషలు: సామీప్యము, సంబంధము

ఆఫ్రికా ఖండమునకు తూర్పున, మొజాంబిక్ జలసంధి కావల, మడగాస్కరు ద్వీపము కలదు. ఇరుకైన చోట ఆ జలసంధి వెడల్పు సుమారు 400 కిలోమీటర్లు. ద్వీపవాసుల భాష మలగాసీ. ఈవలి ఖండభాగమున, జింబాబ్వే పీఠభూమియందును మొజాంబిక్ మధ్యప్రాంతమునందును వాడుకలో నున్న భాష షోనా. పటమును మాత్రమే చూచినవారికి ఇవి సోదరభాషలని తోచుట సహజము. కాని షోనా బంటూ కుటుంబమునకును, మలగాసీ ఆస్ట్రోనీషియన్ కుటుంబమునకును చెందినవి. మలగాసీకి అత్యంత సన్నిహితమైనది దాదాపు 7,000 కిలోమీటర్ల కవతల, దక్షిణ బోర్నియోలోని బరితో నదీప్రాంతపు మాన్యాన్ భాష. సామీప్యమునకును సంబంధమునకును గల యీ వైరుధ్యమునుండి ఎట్టి చరిత్ర గ్రహింపవచ్చునో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

ఈ విచారణ క్రొత్తది కాదు. 1603లో హాలండు నావికుడు ఫ్రెడరిక్ డె హౌట్‌మన్ మలయ్, మలగాసీ పదముల సంకలనమును ప్రకటించెను. 1951లో నార్వే దేశీయుడగు ఒట్టో క్రిస్టియన్ డాల్ మలగాసీ, మాన్యాన్ భాషలను శాస్త్రీయముగా పోల్చి, వాని బంధుత్వమును స్థాపించెను. షోనా మాండలికముల ఏకీకరణమును గూర్చి క్లెమెంట్ డోక్ రచించిన నివేదిక 1931లో వెలువడినది.

మొదట సంఖ్యావాచకములను చూతము. మలగాసీ పదములను ఉచ్చారణము ననుసరించి వ్రాయుచున్నాము. మూడు, ఐదు, ఆరు అను సంఖ్యలకు మలగాసీలో తెలు, దిమి, ఎనిన అనియు, మాన్యాన్‌లో తెలో, దిమె, ఎనెమ్ అనియు, షోనాలో తతు, షను, తన్హతు అనియు పదములు కలవు. మొదటి రెండు వరుసల పొందిక స్పష్టము. తెలు, తతు శబ్దముల యాదితకారసామ్యము కేవలము యాదృచ్ఛికము.

వాక్యనిర్మాణమునందు భేదము మరింత ప్రస్ఫుటము. షోనాలో నామములు వర్గములుగా విభక్తములై, ప్రతి వర్గమునకును ఉపసర్గ యుండును. మున్హు అనగా మనుష్యుడు, వన్హు అనగా మనుష్యులు. విశేషణమును క్రియయు ఆ వర్గము ననుసరించి మారవలెను. ‘మున్హు అనొద్య ముపుంగ’ అనగా మనుష్యుడు అన్నము తినును. బహుత్వమున ‘వన్హు వనొద్య ముపుంగ’ అగును. మలగాసీలో ఊలున అను పదమే ఏకత్వబహుత్వములు రెంటికిని చెల్లును. క్రియ మొదటను కర్త తుదను వచ్చును. ‘మిహినన వారి ని ఊలున’ అనగా వరుసగా తినును, అన్నము, ఆ మనుష్యుడు.

ఇంతటితో విచారణ ముగిసినచో మలగాసీకి ఆఫ్రికాతో పొత్తే లేదని చెప్పవలసి వచ్చును. పశువుల దొడ్డిలోని మాటలు అందుకు అంగీకరింపవు. ఆవు మలగాసీలో ఊంబి, షోనాలో మొంబె. కుక్క అంబూఅ, ఇంబ్వ. కోడి అకూహు, హుకు. గినీకోడి అకాంగ, హంగ. ఈ మాటలు బంటూ భాషలనుండి మలగాసీలో చేరినవి. అయితే ఇచ్చినది షోనా కాదు. షోనాలో హకారమున్న చోట మలగాసీ అకూహు, అకాంగ పదములలో కకారము నిలిచియున్నది. తూర్పుతీరపు స్వాహిలీలోను కుకు, కంగ అనియే రూపములు. గొఱ్ఱెకు షోనాలో హ్వై అని పేరు. మలగాసీ ఊంద్రి స్వాహిలీ కొండో శబ్దమునకు సన్నిహితము. కావున దాతలు పీఠభూమివారు కాక తీరవాసులని నిశ్చయింపవచ్చును.

ఆఫ్రికా ముద్ర ధ్వనులయందును కలదు. మలయ్‌లో లంగిత్ అనగా ఆకాశము, బులన్ అనగా చంద్రుడు. మలగాసీలో ఇవి లానిట్ర, వులన అయినవి. షోనా పదములును అజంతములే. బంటూ భాషీయులు మలగాసీని నేర్చి తమ యుచ్చారణపుటలవాటును దానికి సంక్రమింపజేసిరని డాల్ 1988లో ప్రతిపాదించెను. అజంతత్వ మొక్కటియే బంధుత్వమునకు గుర్తు కాదని, అజంతభాషయగు తెలుగువారమైన మనము మరువరాదు.

అన్నవాచకమగు వారి శబ్దము మన వరిని స్ఫురింపజేయును. బోర్నియోలోని న్గాజు భాషలో బరి అనగా అన్నము. బులన్ వులన యైనట్లే బరి వారి యగుట సుగమము. ఈ శబ్దమునకు ద్రావిడమూలమును ఊహించినవారు కలరు. అదియే నిజమైనను ఆ మాట బోర్నియో మీదుగా పోయియుండును. సంస్కృత కోటి శబ్దమును అట్లే మలయ్‌లో కెతియై, మలగాసీలో హెత్సియై, రెండుచోట్లను లక్షకు పేరైనది. సంస్కృతపదములు అల్పముగా నుండుట చూచి డాల్ వలసను క్రీ. శ. 400 ప్రాంతమున నిలిపెను. అవి మలయ్, జావా భాషల ద్వారమున వచ్చినవని చూపి, అలెగ్జాండర్ అడెలార్ 1989లో ఆ కాలమును ఏడవ శతాబ్దికి గాని తరువాతికి గాని జరిపెను. ద్వీపవాసుల వంశమున బోర్నియో, తూర్పు ఆఫ్రికాల పాళ్లు ఇంచుమించు సమానమని 2005లో ప్రకటితమైన జన్యుపరిశోధన తెలిపినది.

మూలము వేరు, సంపర్కము వేరు. సంస్కృతపదము లెన్ని చేరినను తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిస్ నిరూపించినప్పుడు మనకు తెలిసిన సూత్రమే యిది. మలగాసీని ఆసియాభాష యని మాత్రమే చెప్పి యూరకుండినచో, పశువులను మేపి, పిల్లలకు మాటలు నేర్పిన ఆఫ్రికా పూర్వులు చరిత్రనుండి తొలగింపబడుదురు. ఆఫ్రికాభాష యన్నచో సముద్రము దాటినవారు తొలగింపబడుదురు. వారిలో నెవ్వరును తమ రాకను వ్రాసి యుంచలేదు. సంఖ్యలును వాక్యమును ఒకరికి, దొడ్డిలోని పేర్లును పదాంతస్వరములును మరియొకరికి సాక్ష్యము పలుకుచున్నవి. ఇరువురి సాక్ష్యమును వినుట భాషాచరిత్రకారుని ధర్మమని మా యభిప్రాయము.