ఉతమారో తల్లులు ఎవరి కోసం?

జపాన్ చెక్క అచ్చుబొమ్మల్లోకి, అంటే ఉకియో-ఎలోకి, తల్లీబిడ్డలు ఎలా వచ్చారని అడిగితే తరచూ ఒకటే జవాబు వినిపిస్తుంది: ప్రభుత్వం వేశ్యల బొమ్మలు వద్దంది, చిత్రకారులు తల్లి చాటున అందగత్తెనే గీశారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ రెండు వేర్వేరు కాలాలు కలిసిపోయి కథ తప్పుదారి పట్టింది.

తొలిదశ తెలిసిందే. 17వ శతాబ్దంలో ఎడో నగరంలో చిత్రకారుడు మొరోనొబు నలుపు అచ్చులు, 1765 నుంచి హరునొబు రంగుల అచ్చులు. అయితే 1723లోనే క్యోటో చిత్రకారుడు సుకెనోబు రాణి మొదలు వేశ్య దాకా అన్ని అంతస్తుల స్త్రీలను వాళ్ల పనిపాటల్లో చూపుతూ పుస్తకం వేశాడు. ఇంటి ఆడవాళ్లు బొమ్మకెక్కడానికి ఆంక్షలు రావలసిన పనిలేకపోయింది.

చిక్కంతా 1790ల దగ్గరే. 1790లో అచ్చుకు ముందు పరిశీలన ముద్ర తప్పనిసరైంది. 1793లో బొమ్మల మీద వేశ్యలవి తప్ప మరే స్త్రీ పేరూ వేయరాదన్నారు. అంటే అప్పటి దెబ్బ తగిలింది వేశ్యలకు కాదు, పేరుపొందిన టీ దుకాణాల అమ్మాయిలకు. 1800లో స్త్రీల ముఖాలను పెద్దవిగా చూపడం నిషేధించారు. జానపద కథల్లో కొండల్లో తిరిగే యమౌబ, ఆమె పెంచిన బలశాలి కింతారో చిత్రకారుడు ఉతమారో చేతిలో పదేపదే రూపుకట్టింది ఈ రోజుల్లోనే. చాలా అచ్చుల మీద సంవత్సరం లేదు. శైలిని, ముద్రలను బట్టి పండితులు కొన్నింటిని 1800 కన్నా ముందే పెడతారు. నిషేధం ఆ బొమ్మలకు ఊపునిచ్చి ఉండవచ్చు, పుట్టుక మాత్రం ఇవ్వలేదు. పైగా తల్లి వట్టి ముసుగే అయితే బిడ్డకు అంత చోటెందుకు? ఒక అచ్చులో కింతారో ఒక రొమ్ము తాగుతూ రెండో రొమ్మును వేళ్లతో పట్టుకుంటాడు. పాలిచ్చిన వాళ్లకు, పక్కన కూర్చుని చూసిన వాళ్లకు తెలిసే విషయమది.

నా దృష్టిలో అసలు కారణం ఈ బొమ్మలు కొనే ఇల్లే. మశూచి సోకిన పిల్లల కోసం ఎర్రరంగుతో వేసిన అచ్చులు అమ్మేవారు. వాటిలో కింతారో కూడా ఉంటాడు. జబ్బు తగ్గాక వాటిని కాల్చేవారు, లేదా నీటిలో వదిలేవారు. అందుకే మిగిలినవి తక్కువ, చరిత్రలో వాటికి దక్కిన చోటూ తక్కువే.

వేశ్యల, నటుల బొమ్మలను నిషేధించింది 1842లో. చిత్రకారుడు కునియోషి గుణవతుల కథల అచ్చులు వేసింది ఆ రోజుల్లోనే. పాత జవాబు ఇక్కడ చక్కగా సరిపోతుంది. దాన్ని సుమారు యాభై ఏళ్ల వెనక్కి లాగడమే పొరపాటు.

ఇవాళ్టి ప్రదర్శనలు ఈ తల్లీబిడ్డల బొమ్మలను కాలానికి అతీతమైన మాతృప్రేమగా చూపిస్తున్నాయి. పిల్లల ఉకియో-ఎను ప్రత్యేకంగా సేకరించిన కుమోన్ సంస్థ కృషి మెచ్చదగినదే. అయినా ఈ బొమ్మల్లో ఆకలి లేదు, పల్లె లేదు. ఆ కాలంలోనే తూర్పు జపాన్ పల్లెల్లో పుట్టిన పసికందులను పేదరికం వల్ల చంపిన ఇళ్లున్నాయి. ఇబరాకిలోని తొకుమన్-జి ఆలయంలో ఆ ఘోరాన్ని చూపే పటం ఉంది. ఉతమారో తల్లులను ఆ పటంతో కలిపి చూపే ప్రదర్శన రావాలని నా కోరిక.