జరంత తిరిగే అతుకు

మస్కట్‌లో, హమ్రియాలో కాపురమున్న రోజుల్లో మా బాల్కనీ ఎదుట ఒక మేడకి ఇనుప పైపుల పరంజా కట్టారు. క్లాంపులు బిగించే వాళ్ళలో నిజామాబాద్ వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర కలిస్తే, "క్లాంపు బిగించాక పైపు ఇక తిరగదు కదా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "తిరగదని ఎవలన్నరు సారూ? జరంత తిరుగుతది. పాతదైతే ఇంకింత తిరుగుతది."

నాకు గుండె గతుక్కుమంది. నేను కంప్యూటర్‌లో కట్టడాల లెక్కలు చేసేవాణ్ణి. నా లెక్కల్లో అతుకులు రెండే రకాలు: తలుపు బందులా హాయిగా తిరిగేది, అసలు తిరగనిది. ఆయన చెప్పిన ఆ "జరంత"కి చోటే లేదు.

అంత చిన్న తేడాకి ఏమవుతుందంటారా? దూలం పొడవునా బరువు సమంగా ఉందనుకోండి. కొసలు బిగిసి ఉన్నప్పటికంటే, స్వేచ్ఛగా తిరిగినప్పుడు నడిమి వంపు భారం మూడింతలు, కుంగడం ఐదింతలు. అసలు అతుకు ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. తిరగదని నమ్మితే దూలం నడుమ బలం చాలదు. పూర్తిగా తిరుగుతుందని నమ్మితే, లెక్కలోకి రాని భారం బోల్టుల మీద పడుతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1917లోనే అమెరికాలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విల్సన్, మూర్ అనే ఇద్దరు రివెట్ల అతుకులు ఎంత తిరుగుతాయో పరీక్షించి కొలిచారు. 1929లో బ్రిటన్‌లో ఉక్కు కట్టడాల పరిశోధన సంఘం ఏర్పడింది. దానికోసం సిరిల్ బాథో అతుకులను పరీక్షించాడు, జాన్ బేకర్ నిజమైన భవనాల్లో కొలతలు తీశాడు. 1936లో చివరి నివేదిక వచ్చింది. కానీ ఆ పద్ధతిలో చేత్తో లెక్క కట్టడం తలకు మించిన పని. డిజైన్ ఆఫీసులు దాన్ని పెద్దగా వాడలేదు.

ఆ భారం మోయడానికి కంప్యూటర్ రావలసివచ్చింది. 1960లో క్లఫ్ 'ఫైనైట్ ఎలిమెంట్' అనే పేరు పెట్టాడు. 1963లో మోన్‌ఫోర్టన్, వూ ఇలాంటి అతుకులను మాట్రిక్స్ లెక్కలోకి తెచ్చారు. కిటుకు సులువే. అతుకు ఉన్నచోట ఒకే స్థానంలో రెండు నోడ్లు పెడతాం. అవి పక్కకీ, కిందికీ కలిసే కదిలేలా ముడివేస్తాం. తిరగడానికి మాత్రం మధ్యలో ఒక స్ప్రింగు పెడతాం. దాని బిగువు సున్నా అయితే అది తలుపు బందు, చాలా ఎక్కువైతే బిగిసిన అతుకు. మన దేశపు ఉక్కు నియమావళి ఐఎస్ 800 కూడా 2007 కూర్పులో ఈ నడిమి రకం అతుకులకు చోటిచ్చింది.

అయితే ఆ స్ప్రింగు బిగువు ఎంతో కంప్యూటర్ చెప్పదు, మననే అడుగుతుంది. జవాబు పరీక్షశాలలో అసలు అతుకును వంచి చూసినవాడి దగ్గరే ఉంటుంది. అందుకే ఆ సాయంత్రం తర్వాత, కొలత చేతిలో లేకపోతే రెండు రకాలుగానూ లెక్క చేసి, ఏది కష్టమైతే దానికే సిద్ధపడడం అలవాటు చేసుకున్నాను.

తెరమీద గీత తప్పయితే చెరిపేస్తాం. పరంజా మీద నిలబడేది మాత్రం ఆ పెద్దాయన. ఉంటాను మరి, సెలవు.