గుండ్లకమ్మకు ఇవతల

మేదరమెట్ల దాటారు. రాత్రి పదకొండున్నర. విజయవాడ నుంచి నెల్లూరుకు మీ ప్రయాణం. ఒంగోలు ఇంకా రాలేదు. వెనక సీట్లో పాప నిద్రపోతోంది. మీ ఆవిడ కునికిపాట్లు పడుతోంది. ముందు గుండ్లకమ్మ వంతెన ఉంది.

ఢామ్మని చప్పుడు.

స్టీరింగ్ ఎడమకు లాగేస్తోంది. కాలు బ్రేకు మీదికి పోతోంది. వద్దు. గట్టిగా తొక్కితే బండి తిరిగిపోతుంది. స్టీరింగ్ బిగించి పట్టుకోండి. యాక్సిలరేటర్ వదిలేయండి. తొంభై. డెబ్బై. నలభై. రిమ్ము తారును గీరుతోంది. రోడ్డు అంచు. ఆగింది.

"ప్రభువా!" అంటుంది మీ ఆవిడ.

పక్కనుంచి లారీ దూసుకుపోతుంది. కారు మొత్తం ఊగుతుంది. లోపలే కూర్చోవాలా, దిగాలా? దిగాలి. ఇండికేటర్లన్నీ వేయండి. ఎడమ తలుపులోంచే దిగండి. పాపను ఎత్తుకుని మీ ఆవిడ ఇనుప రెయిలింగ్ అవతలికి వెళ్తుంది. మీరు ఎర్ర త్రికోణం తీసుకుని, అంచు వెంబడే వెనక్కి నడుస్తారు. యాభై అడుగులు. ఇంకో యాభై. ఎదురొచ్చే హెడ్‌లైట్లకు కళ్లు మూసుకుపోతున్నాయి.

హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తారు. బండి పంపుతామంటారు. అది వచ్చేలోగా పేలిన టైరు మీరే మార్చేద్దామని జాకీ ఎక్కిస్తారు. స్పానర్ తిప్పితే నట్టుకు బదులు చక్రమే తిరుగుతోంది. అరచేయి ఒరుసుకుపోయింది.

ముందు ఒక లారీ ఆగుతుంది. ఒక మనిషి దిగుతాడు. మీ వైపే వస్తున్నాడు. చేతిలో ఇనుప గొట్టం.

మీ ఆవిడ పాపను ఇంకా దగ్గరికి హత్తుకుంటుంది. లారీ క్యాబిన్ మీద తెల్ల సిలువ బొమ్మ కనిపిస్తోంది. సిలువ ఎవరైనా వేయించుకోవచ్చు. నిలబడాలా? పారిపోవాలా? ఎక్కడికి?

"స్టెప్నీ ఉందా బాబూ?"

"ఉందండి. నట్లు రావట్లేదు."

"ముందు జాకీ దించు. చక్రం నేల మీదుంటేనే నట్టు కదులుద్ది."

గొట్టాన్ని స్పానర్ పిడికి తొడుగుతాడు. పిడి పొడవైంది. కాలితో ఒక్క తొక్కు. కీచుమంటూ మొదటి నట్టు వదులైంది. అప్పుడు మీ ఊపిరీ వదులవుతుంది.

"వందనాలు అన్నయ్యా" అంటుంది మీ ఆవిడ.

"వందనాలమ్మా. మందిరానికి పోయేవాళ్లేనా? మా పెద్దోళ్లు ఈ ఏట్లోనే బాప్తిస్మం తీసుకున్నారంట."

ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవాళ్లకు తెలిసిన సంగతే. 1878 జూలై 3న ఇక్కడే, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు పెద్ద కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. కానీ కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. సాయానికి బదులుగా ఏదీ అడగలేదు.

స్టెప్నీ ఎక్కింది. మీరు పర్సు తీస్తారు. ఆయన మీ చేయి మూసేస్తాడు.

"డబ్బులొద్దు బాబూ. మా ఆడమనిషి ఒంగోలు పెద్దాసుపత్రిలో ఉంది. పొద్దున్నే ఆపరేషన్. సరుకు దించి అక్కడికే పోతన్నా. ఒక్క నిమిషం ప్రార్థన చేస్తారా?"

భార్య దగ్గరికి పరుగెత్తుతున్న మనిషి మీకోసం ఆగాడు. ధైర్యం చెప్పేవాళ్లు కావాల్సింది మీ ఒక్కరికే అనుకున్నారు ఇంతసేపూ.

గొంతు ఆరిపోతోంది. మందిరంలో అయ్యగారు ప్రార్థన చేస్తే వెనక వరసలో ఆమెన్ అనడమే మీ అలవాటు. మీ ఆవిడ మీ వైపే చూస్తోంది. తప్పించుకోవచ్చు. "తప్పకుండా చేసుకుంటామండి" అని కారెక్కేయొచ్చు.

"రెయిలింగ్ అవతలికి రా అన్నా" అంటారు. "వదిన పేరేంటి?"

చెప్తాడు. చెప్తుంటే ఆయన గొంతు వణుకుతుంది. భుజం మీద చేయి వేస్తారు. మాటలు వెతుక్కుంటూ మొదలుపెడతారు. ఆమె పేరు, డాక్టర్ల చేతులు, ఈ రాత్రి ఈయనకు రావాల్సిన నిద్ర. ఒక వాక్యం మధ్యలో తెగిపోతుంది. మీ ఆవిడ అందుకుని పూర్తి చేస్తుంది. ఆయన "ఆమెన్" మీ ఇద్దరికంటే గట్టిగా వినిపిస్తుంది.

"ఏ వార్డు అన్నయ్యా?" మీ ఆవిడ ఫోన్‌లో రాసుకుంటోంది. "ఈ రాత్రికి ఒంగోల్లోనే ఆగుతాం. పొద్దున వస్తాం."

ఆయన మొహం తుడుచుకుంటాడు. గొట్టం భుజాన వేసుకుంటాడు.

"సరేనమ్మా. నా వెనకే రండి. బాబూ, స్టెప్నీ మీద పోతన్నావు, ఎనభై దాటొద్దు."