విశాఖ తీరం.. ఒకే ఒడ్డున పోర్టు పని, బీచ్ సందడి.. మధ్యలో ఇసుక లెక్క!

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూస్తే దూరంగా ఆగి ఉన్న ఓడలు కనిపిస్తాయి. పోర్టులోకి వెళ్లేందుకు వంతు కోసం ఎదురుచూసే ఓడలవి. ఇటు సెల్ఫీలు దిగే జనం, అటు సరుకు దించే క్రేన్లు. ఈ రెండింటినీ కలిపే ముడి ఒకటుంది.. అదే ఇసుక!

పోర్టు ఎలా వచ్చిందంటే..

మధ్య భారతంలో తవ్విన మాంగనీస్ ఖనిజాన్ని విదేశాలకు పంపేందుకు తూర్పు తీరంలో ఓ రేవు అవసరమైంది. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట చిత్తడి నేలను తవ్వి పోర్టు కట్టారు. 1933లో ప్రారంభమైంది. డాల్ఫిన్స్ నోస్ కొండను ఆనుకుని ఉన్న సన్నటి ఛానల్ గుండానే ఓడలు లోపలికి వస్తాయి. ఇనుప ఖనిజం మోసే భారీ ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది.

చూడ్డానికి ఏమున్నాయి?

పాత నగరంలో పక్కపక్కనే ఉన్న మూడు గుట్టలపై చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామునే చేపల వేలం మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి అప్పుడు మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. ఇక 2001లో నేవీ నుంచి రిటైరైన కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది.

ఇంతకీ ఇసుక గొడవేంటి?

మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. పోర్టు బ్రేక్‌వాటర్లు దానికి అడ్డంగా ఉన్నాయి. దాంతో ఇసుక అక్కడే ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు కొత్త ఇసుక సరిగా అందదు. ఉన్నదాన్ని మాత్రం అలలు లాక్కుపోతూనే ఉంటాయి. అందుకే నైరుతి రుతుపవనాల వేళ, తుపాన్లప్పుడు తీరం కోతకు గురవుతుంది.

మరి పరిష్కారం?

పోర్టు దగ్గర పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి, పైపుల ద్వారా బీచ్‌లో పోస్తారు. దీన్నే బీచ్ నరిష్‌మెంట్ అంటారు. తవ్వకపోతే పోర్టు ఛానల్ పూడుకుపోతుంది. పోయకపోతే బీచ్ తరిగిపోతుంది. అలలు ఆగవు కాబట్టి ఒక్కసారి చేసి వదిలేస్తే కుదరదు. మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

ఈసారి ఆర్కే బీచ్‌లో పైపులోంచి బురద రంగు నీళ్లు పడుతుంటే మురుగు అని కంగారు పడకండి. పోర్టు దగ్గర ఆగిపోయిన ఇసుక బీచ్‌కు తిరిగొస్తోందేమో చూడండి!