ఆయవ్యయములు – గ్రామధర్మము



రాజవంశముల చరిత్రములు, యుద్ధముల చరిత్రములు వ్రాయువారు పెక్కురు గలరు. ఊరి చెరువు పూడిక తీయించుటకు సొమ్ము మంజూరు చేసిన దెవరు, వీథిదీపము వెలిగించిన దెవరు అను చరిత్రము వ్రాయువారు మాత్ర మరుదు. ఈ వార్షిక సభా సంచికయం దా కొఱతను గొంత తీర్ప మే ముద్యమించితిమి.

గ్రామసభ మన దేశమునకు గ్రొత్త గాదు. మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో, ఉత్తరమేరూరున జెక్కిన శాసనములను బట్టి చెరువునకు, తోటలకు, బంగారమునకు వేర్వేరు సంఘము లుండెను. పేరులు వ్రాసిన యాకులు కుండలో వేసి బాలునిచే దీయించెడివారు. పూర్వము సంఘమున నుండి లెక్క యొప్పజెప్పనివాడును, వాని బంధువులును బదవికి దగరని యందు గలదు. ఈ విధి నేటికి నెంత యవసరమో చెప్పనేల?

ఆంగ్లేయుల పాలనలో, 1871 నాటి స్థానిక నిధుల చట్టము భూమిపై సెస్సు విధించెను. ఖర్చు నిర్ణయించు బోర్డులలో మాత్రము ప్రభుత్వము నియమించినవారే కూర్చుండిరి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానించిన పిమ్మట, 1884 చట్టముచే జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియనులు వెలసెను. రోడ్లు, ఆసుపత్రులు, బడులు, పారిశుద్ధ్యము వాని పనులు. మన మొగల్తూరు గల నరసాపురము తాలూకా 1904 వఱకు గోదావరి జిల్లాయందును, పిదప కృష్ణా జిల్లాయందును, 1925 నుండి పశ్చిమ గోదావరియందును నుండెను.

జనుల సమ్మతి లేని పన్ను ఫలమును జీరాల, పేరాలలు చాటినవి. ఆ గ్రామములను బురపాలక సంఘముగా జేసి పన్నులు పెంపగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు తమ యిండ్లు విడిచి, యూరి వెలుపల పాకలు వేసికొని, రామనగరమను పేర నెలల తరబడి వసించిరి.

తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యెను. 1959లో జిల్లా బోర్డులకు మాఱుగ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చెను. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ననుసరించి 1994లో మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టము వెలువడెను. గడచిన యేటి లెక్కలు, ఆడిటు నివేదిక, రాబోవు పనులు, క్రొత్త పన్నులు గ్రామసభ యెదుట నుంచవలెనని యది విధించుచున్నది. పదునైదవ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వఱకు నిచ్చిన పంచాయతీ నిధులలో నూటి కఱువది పాళ్లు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకే కేటాయింపబడెను.

సముద్రము చేరువనున్న మన సీమవారికి నీటి పద్దు విలువ వేఱుగ జెప్ప నక్కఱలేదు. నూయి త్రవ్విన నుప్పునీరు. వేసవిలో గాలువ కట్టివేసినచో చెరువే దిక్కు. కాలువ కట్టకమునుపే చెరువు నింపవలెను. నింపుటకు ముందే పూడిక తీయవలెను. తీయుటకు సొమ్ము బడ్జెటులో నుండవలెను. ఒక్క తీర్మానము నెల యాలస్యమైనచో నూరంతయు బిందెలతో దిరుగవలసివచ్చును.

మేము బడిపంతులుగా నున్న యొక యూర బడ్జెటు చదువునాడు పదిమందియైన రాలేదు. చదువరి యొక్క గుక్కలో జదివెను, చేతులు లేచెను, సభ ముగిసెను. బడి పైకప్పు మరమ్మతు పద్దు లేదని మేము మఱునాడు గ్రహించితిమి. ఆ సభలో మేమును గూర్చుంటిమి. అడుగకపోయిన దోషము మాది గూడ. ఆ వర్షకాలమున పిల్లలు తడిసిరి.

కావున మహాశయులారా, ఎన్నికలయందు మనవాడా కాడా యని విచారించుటతో మన కర్తవ్యము తీఱదు. మనవాడే యైనను లెక్క యడుగుట మఱింత ధర్మము. మన సంఘమున జదువుకొన్న యువకులు ఏటేట గ్రామసభకు బోయి, పద్దులు వ్రాసికొని, చదువురాని వృద్ధులకు, స్త్రీలకు వివరించిన జాలును. పోషక మహాశయులు సత్రములకు, బహుమతులకు నిచ్చు ద్రవ్యముకన్న నిది తక్కువ పుణ్యము గాదు. చెరువు నీరు కులమడిగి దాహము తీర్చదు.