పటిక, అల్యూమినియం, ఒక ఎరుపు రంగు

మా అబ్బాయి గదిలోకి వెళ్తే పాతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోకి వెళ్ళినట్టుంటుంది. ఒక చెక్కపెట్టె, అందులో వరసగా బిగించిన అల్యూమినియం పలకలు, వాటి నిండా నాబులు, జాక్‌లు, వేలాడే వైర్లు. దీన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారు. ఒక్కో పలక వెనక ఒక్కో సర్క్యూట్ ఉంటుంది. ఒకటి స్వరం పుట్టిస్తుంది, ఇంకొకటి దాన్ని వడకడుతుంది, మరొకటి హెచ్చుతగ్గులు చూసుకుంటుంది. వాటిని వైర్లతో ఎలా కలిపితే అలాంటి ధ్వని వస్తుంది.

పోయిన ఏడాది వాడు రెండు మాడ్యూళ్ళు సొంతంగా తయారు చేసుకున్నాడు. "నాన్నా, వీటికి ఎర్ర ప్యానెల్స్ కావాలి. పెయింట్ కాదు, ఎనొడైజింగ్. నువ్వు కెమికల్ ఇంజనీరువి కదా, అదేంటో చెప్పు" అన్నాడు. చెబుదామని కూర్చుంటే ఆ కథ నన్ను మా పెడన దాకా లాక్కెళ్ళింది.

ముందు ఈ వాయిద్యం సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్‌లో రాబర్ట్ మోగ్, కాలిఫోర్నియాలో డాన్ బుక్లా 1960లలో ఎవరికి వారే దీన్ని రూపొందించారు. మోగ్ 1964లో తన మాడ్యూళ్ళని న్యూయార్క్‌లో ఆడియో ఇంజనీర్ల సభలో చూపించాడు. మోగ్ పలకలు నలుపు, అక్షరాలు తెలుపు. ప్రయోగశాల పరికరాల పోలికే తప్ప వీణలాగా, వయొలిన్‌లాగా ముస్తాబు ఏమీ లేదు. ఈ యంత్రం మన దేశానికి మరీ పరాయిదేమీ కాదండోయ్. 1969లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఒక మోగ్ యంత్రాన్ని నెలకొల్పాడు. గీతా సారాభాయి వంటివారు దాని మీద పనిచేశారు. ఆ టేపులు అరల్లో మూలపడి ఉండి, చివరికి 2023లో ఆల్బంగా వెలువడ్డాయి.

1990ల మధ్యలో జర్మనీలో డీటర్ డోప్ఫర్ కొత్త వరస మొదలుపెట్టాడు. పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన. ఈ కొలతలు పాటిస్తే ఎవరి మాడ్యూలైనా ఎవరి పెట్టెలోనైనా కూర్చుంటుంది. డోప్ఫర్ పలకలది అల్యూమినియం సహజమైన వెండి రంగు. చిన్న చిన్న తయారీదార్లు ఎందరో పుట్టుకొచ్చారు. నాబులూ నట్లూ ఊడదీసి పాత పలక తీసేసి, తమకు నచ్చిన రంగు పలక వేసుకునే వాళ్ళూ తయారయ్యారు. బెర్లిన్‌లోని షేఫర్ కంపెనీ లాంటివి, మనం కంప్యూటర్‌లో గీసి పంపిన కొలతకి, కోరిన రంగులో ఒక్క పలకైనా చేసిచ్చే రోజులొచ్చాయి.

ఇక ఆ రంగు సంగతి. 1923లో బ్రిటన్‌లో బెంగౌ, స్టూవర్ట్ అనే ఇద్దరు సముద్రవిమానాల లోహభాగాల్ని ఉప్పుగాలి తినేయకుండా క్రోమిక్ ఆమ్లంలో కరెంటు పంపి రక్షణపొర కట్టించారు. 1927లో గవర్, ఓబ్రయన్ అదే పని గంధకామ్లంతో చేసి చూపించారు. ఈనాటికీ ఎక్కువగా వాడేది ఆ రెండో పద్ధతే. పలకని శుభ్రం చేసి, ఆమ్లంలో ముంచి, దాన్నే ధన ధ్రువంగా పెట్టి కరెంటు పంపితే, లోహం పైభాగమే అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ పొర వెంట్రుక కంటే పల్చన. దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. పలకని వేడి రంగునీళ్ళలో ముంచితే రంగు వాటిలోకి దిగుతుంది. తర్వాత మరిగే నీళ్ళలో ఉంచితే రంధ్రాల మూతులు మూసుకుంటాయి. పెయింట్ పైన అంటుకుంటుంది, ఇది లోపల ఉంటుంది. అక్షరాలు లేజర్‌తో రాయొచ్చు. కిరణం తగిలిన చోట రంగు పోయి తెల్లగా తేలుతుంది.

ఇక్కడే ఆగిపోయాను. ఇది మా నాన్నగారి పనే.

పెడనలో మాది అద్దకం ఇల్లు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టి, ఎరుపు రావలసిన చోట పటిక కలిపిన జిగురుని చెక్క అచ్చుతో వేసేవారు. ఉతికి, రాగి గంగాళంలో అలిజరిన్‌తో ఉడికిస్తే పటిక పడ్డ చోటే ఎరుపు పట్టేది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్లు అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారు చేశాక, క్రమంగా వేరు పోయి డబ్బా వచ్చింది. పటికలో ఉన్నది అల్యూమినియమే. ఆ లోహానికి పేరొచ్చిందే పటికకున్న లాటిన్ పేరు నుంచి. గుడ్డ మీద అలిజరిన్‌ని పట్టి ఉంచేది అల్యూమినియమే, పలక మీదా అదే. ఎనొడైజింగ్‌కి వాడే రంగులన్నీ అలిజరిన్‌వి కావు గానీ, అలిజరిన్ రెడ్ ఎస్ అన్నది నీళ్ళలో కరిగేలా మార్చిన అలిజరినే.

కాలేజీలో చేరిన కొత్తలో ఎర్రబారిన నా గోళ్ళని జేబుల్లో దాచుకునేవాణ్ణి. మా నాన్నగారేం చేస్తారని ఎవరైనా అడిగితే "బట్టల వ్యాపారం" అనేవాణ్ణి. నాలుగేళ్ళు రసాయనశాస్త్రం చదివి కూడా ఆయన గంగాళంలో ఉన్నది రసాయనశాస్త్రమే అని ఆయనతో ఒక్కసారీ అనలేదు. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. మా అబ్బాయికి ఆయన ఫోటోలో మాత్రమే తెలుసు. ఆ రాత్రి వాడికి ఇదంతా చెప్పాను, గోళ్ళ సంగతితో సహా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ నాబ్ కింద పిచ్ అని కాకుండా శ్రుతి అని రాయిద్దామా?" అన్నాడు.

ఒక పలక ముందు, ఇంకొకటి నెల తర్వాత ఇక్కడి షాపులో వేయించాడు. పక్కపక్కన పెడితే ఒకటి దానిమ్మ గింజ, ఒకటి ఇటుక. మిశ్రమలోహం మారినా, స్నానంలో ఉంచిన సమయం మారినా, రంగునీళ్ళు పాతబడినా తేడా వస్తుంది. మావాడు డీలా పడ్డాడు. నాకు మాత్రం మా నాన్నగారు ఎవరి మీదో కేకలేయడం వినిపించింది. ఒక చీరకీ దాని రవికెకీ వేరువేరు గంగాళాల్లో రంగు వేస్తే ఆయన ఊరుకునేవారు కాదు.

"రెండూ ఒకే రోజు, ఒకే స్నానంలో వేయమని అడుగు" అన్నాను. "అది మీ తాతయ్య మాట."

ఈసారి రెండు పలకలూ కలిపే పంపాం.